వంట చీటీ అందరికీ అర్థం కావాలి

హైదరాబాదు శివారులో ఒక బస్తీ ఉంది. ఆ బస్తీలో అంతా ఒక ఊరివాళ్ళు కాదు. ఇళ్ళు కట్టే పనికి నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు. కొందరిది శ్రీకాకుళం. కొందరిది పాలమూరు. కొందరిది కర్నూలు. చిత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ కూడా ఉంది.

ఆ బస్తీ ఆడవాళ్ళకు ఒక పొదుపు సంఘం ఉంది. రాత్రిపూట చదువు నేర్చుకున్నారు. సంతకం వచ్చింది. బస్సు మీద పేరు చదవడం వచ్చింది. నెమ్మదిగా పుస్తకం చదవడమూ వచ్చింది.

ఒక ఆదివారం అందరూ కలిసి భోజనం చేశారు. ఎవరి ఇంటి వంట వాళ్ళు తెచ్చారు. పాలమూరు వదిన ఒక పచ్చడి తెచ్చింది. అందరికీ నచ్చింది.

"ఇదెలా చేశావు వదినా? మాకూ చెప్పు" అని అడిగారు.

"చెప్పుడెందుకు? రాసిస్త" అంది వదిన. చదువు వచ్చిన సంతోషం ఆమెది.

అప్పుడే అందరికీ ఒక ఆలోచన వచ్చింది. ఒక నోటు పుస్తకం కొందాం. ఎవరి వంట వాళ్ళు అందులో రాద్దాం. కావలసినవాళ్ళు చదువుకుని వండుకుంటారు. సంఘం డబ్బుతో నోటు పుస్తకం కొన్నారు.

వదిన మొదటి పేజీలో ఇలా రాసింది:

"పుంటికూర కడిగి మగ్గబెట్టాలె. ఎల్లిగడ్డ, మిరపకాయలు, ఉప్పు తగినంత వేసి నూరాలె."

మరునాడు శ్రీకాకుళం అక్క ఆ పేజీ చదివింది. ప్రతి అక్షరమూ చదవగలిగింది. కాని వంట చేయలేకపోయింది.

"పుంటికూర అంటే ఏటి? తగినంత అంటే ఎంత?" అని అడిగింది.

అక్షరాలు చదవడం ఒకటి. రాసినదాన్ని చూసి పని చేయగలగడం ఇంకొకటి. వంట చీటీ రాసేవాళ్ళు ఈ రెండో సంగతి చూసుకోవాలి.

ఒకటే వస్తువు, ఎన్నో పేర్లు

పుంటికూర అంటే గోంగూరే. శ్రీకాకుళం అక్క రోజూ తినే కూరే. పేరు తెలియక ఆగిపోయింది.

తెలుగువాళ్ళ వంటింట్లో ఇలాంటి పేర్లు చాలా ఉన్నాయి. కొన్ని చూడండి:

గోంగూర – పుంటికూర
ఉల్లిపాయ – ఉల్లిగడ్డ – ఎర్రగడ్డ
వెల్లుల్లి – ఎల్లిగడ్డ – తెల్లగడ్డ
బంగాళాదుంప – ఆలుగడ్డ – ఉర్లగడ్డ
సొరకాయ – ఆనపకాయ
రాగులు – చోళ్ళు – తైదలు
వేరుశనగ – పల్లీలు – సెనక్కాయలు – బుడ్డలు

ఇందులో ఏ పేరూ తప్పు కాదు. ఎవరి ఊరి మాట వాళ్ళది. ఎవరి మాటనూ కొట్టేయనక్కరలేదు. పక్కన ఇంకో పేరు రాస్తే చాలు. "పుంటికూర, అంటే గోంగూర" అని రాస్తే ఇద్దరికీ అర్థమవుతుంది. పాలమూరు మాట పోదు. శ్రీకాకుళం అక్కకు పని ఆగదు.

కొన్ని పేర్లతో తికమక కూడా వస్తుంది. కర్నూలు చెల్లెలు "సెనక్కాయల పొడి" అని రాసింది. ఆమె చెప్పింది పల్లీల పొడి. చదివినామె శనగలు అనుకుంది. శనగలు వేయించి దంచింది. పొడి వచ్చింది కాని అది వేరే పొడి.

"మంచినూనె" కూడా అలాంటి మాటే. కొందరికి మంచినూనె అంటే నువ్వుల నూనె. కొందరికి పల్లీ నూనె. కనుక ఏ గింజ నూనో రాయాలి.

ఇంకో సంగతి. వంటలో వేసిన ప్రతి వస్తువూ చీటీలో ఉండాలి. చిటికెడే కదా అని వదలకూడదు. కొందరికి పల్లీలు పడవు. తింటే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. ఒక్కోసారి ఊపిరి ఆడక ప్రాణం మీదికి వస్తుంది. చీటీలో పల్లీలు ఉన్నాయని రాస్తే వాళ్ళు ముందే జాగ్రత్తపడతారు.

తగినంత అంటే ఎంత?

"ఉప్పెంత వదినా?" అని అడిగితే వదిన చెయ్యి చూపించింది. "మా అమ్మ గింత వేసేది. నేను గూడ గింతనే వేస్త" అంది.

ఆ చెయ్యికి లెక్క తెలుసు. ఇరవై ఏళ్ళ అలవాటు అది. తల్లి పక్కన నిలబడి నేర్చుకున్న కూతురికి ఆ లెక్క అందుతుంది. కాని కాగితానికి చెయ్యి లేదు. కాగితం చదివేవాళ్ళు ఆ పక్కన లేరు. అందుకే చేతిలో ఉన్న లెక్కను కాగితం మీద కొలతగా రాయాలి.

చిత్తూరు పెద్దమ్మకు పాత కొలతలు బాగా తెలుసు. ఆమె వేళ్ళ మీద లెక్క చెప్పింది:

4 గిద్దెలు – 1 సోల
2 సోలలు – 1 తవ్వ
2 తవ్వలు – 1 మానిక
4 మానికలు – 1 కుంచం

ఇవి మంచి కొలతలే. మన పెద్దలు వీటితోనే సంసారాలు నడిపారు. కాని ఒక చిక్కు ఉంది. ఒక్కో చోట కుంచం ఒక్కో పరిమాణంలో ఉండేది. శేరు సంగతీ అంతే. 80 తులాల శేరు ఒకటి ఉండేది. అది ఇంచుమించు 930 గ్రాములు. మద్రాసు లెక్కలో శేరు అంటే 24 తులాలే. అది 280 గ్రాములు. పేరు ఒకటే. బరువులో మూడింతల తేడా.

ఈ తేడాలు పోవాలని 1956లో మన దేశంలో ఒక చట్టం చేశారు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళలో బజారులోకి గ్రాము, కిలో, లీటరు వచ్చాయి. కిలో ఎక్కడైనా కిలోనే. శ్రీకాకుళంలోనూ అంతే, చిత్తూరులోనూ అంతే.

అందరి ఇంట్లో తూకం ఉండదు. దానికీ ఉపాయం ఉంది. ఇంట్లో ఉన్న గ్లాసు, చెంచా పట్టుకుని మొదట వాటి కొలత తెలుసుకోవాలి.

గ్లాసు కొలత ఇలా తెలుసుకోవచ్చు. ఒక లీటరు నీళ్ళ సీసా తీసుకోండి. దాన్ని మీ గ్లాసుతో నింపండి. 5 గ్లాసులకు నిండితే మీ గ్లాసు 200 మిల్లీలీటర్లు. 4 గ్లాసులకు నిండితే 250 మిల్లీలీటర్లు.

చెంచా కొలత ఇలా తెలుసుకోవచ్చు. పిల్లల దగ్గు మందు సీసాకు చిన్న మూత ఉంటుంది. దాని మీద 5 అని గీత ఉంటుంది. ఆ గీత దాకా నీళ్ళు పోయండి. ఆ నీళ్ళు మీ చెంచాలో పోయండి. సరిగ్గా నిండితే అది 5 మిల్లీలీటర్ల చెంచా. టీ చెంచా అంటే అదే.

చెంచాతో కొలిచేటప్పుడు గోపురంలా తీయకూడదు. వేలితో అంచుకు సమంగా గీసేయాలి. గోపురం చెంచాలో ఎంత ఎక్కువ వస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఏ ఉప్పో కూడా రాయాలి. రాళ్ళ ఉప్పు చెంచాలో పోస్తే రాళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది. మెత్తని ఉప్పులో ఖాళీ తక్కువ. అందుకే చెంచా ఒకటే అయినా మెత్తని ఉప్పు ఎక్కువ పడుతుంది. ఊరగాయ పెట్టేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. ఉప్పు చాలకపోతే ఊరగాయ బూజు పడుతుంది. ఎక్కువైతే నోట పెట్టలేం.

"కట్ట" అని రాసినా చాలదు. ఒక బజారులో గోంగూర కట్ట పిడికెడు ఉంటుంది. ఇంకో బజారులో చేతికి అందనంత ఉంటుంది. ఆకు ఎన్ని గ్రాములో రాస్తే గొడవ లేదు.

ఎంతమందికి?

చీటీలో ఇది తప్పకుండా ఉండాలి. నలుగురికి రాసిన వంటను పదిమందికి వండాలంటే లెక్క తెలియాలి.

బడిలో మధ్యాహ్న భోజనం సంగతి చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి ప్రభుత్వ బడుల్లో వేడి భోజనం వండి పెడుతున్నారు. చాలా ఊళ్ళలో వండేది మహిళా సంఘాలవాళ్ళే. ప్రాథమిక బడిలో ఒక్కో పిల్లకు రోజుకు ఇంత అని కేంద్ర ప్రభుత్వం లెక్క కట్టింది:

బియ్యం 100 గ్రాములు
పప్పు 20 గ్రాములు
కూరగాయలు 50 గ్రాములు
నూనె 5 గ్రాములు

బడికి 40 మంది పిల్లలు వచ్చారు. అప్పుడు బియ్యం 4 కిలోలు. పప్పు 800 గ్రాములు. కూరగాయలు 2 కిలోలు. నూనె 200 గ్రాములు. ఒక్కరి లెక్క తెలిస్తే ఎంతమంది లెక్కైనా కట్టవచ్చు. వండే అక్క ఆ రోజు రాకపోయినా ఇంకో అక్క చీటీ చూసి వండగలదు. ఏ పిల్లకూ తక్కువ పడదు.

అర – ఆరు

నోటు పుస్తకం సగం నిండింది. కొలతలు కొందరు రాశారు. కొందరు రాయలేదు. "తప్పు పోతే కూర చెడుతుంది. అంతేగా" అనుకున్నారు.

పుస్తకం చివరి పేజీలో ఒకరు ఉప్పు చక్కెర నీళ్ళు చేసే పద్ధతి రాసి పెట్టారు. పిల్లలకు నీళ్ళ విరేచనాలు అయితే తాగించే నీళ్ళు అవి. ఇలా రాశారు:

"కాచిన నీళ్ళు లీటరు. చక్కెర ఆరు చెంచాలు ఉప్పు అర చెంచా కలపాలి."

వానాకాలం వచ్చింది. ఒక రాత్రి కర్నూలు చెల్లెలి కొడుకుకు విరేచనాలు పట్టుకున్నాయి. వాడికి ఏడాదిన్నర. ఇంట్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేదు. బయట జోరు వాన. చెల్లెలికి నోటు పుస్తకం గుర్తుకు వచ్చింది. చివరి పేజీ తీసింది.

కరెంటు లేదు. దీపం వెలుగు. కాగితం మీద నూనె మరక. మనసులో భయం. ఆమె కూడబలుక్కుని చదివింది. 'ఆరు', 'అర' పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకలాగే కనిపించాయి. ఉప్పు కూడా ఆరు చెంచాలు అనుకుంది. లీటరు నీళ్ళలో ఆరు చెంచాల ఉప్పు వేసింది.

అప్పుడే శ్రీకాకుళం అక్క వచ్చింది. గ్లాసు చేతికి తీసుకుంది. పిల్లవాడి నోటి దగ్గర పెట్టబోయే ముందు తాను ఒక చుక్క నాలుక మీద వేసుకుంది.

"ఓలమ్మ! ఇవి సముద్రం నీళ్ళే!" అంది. గ్లాసు తీసుకెళ్ళి బయట పారబోసింది.

అక్క పుట్టింది సముద్రం ఒడ్డున. ఆమె మాట వట్టి మాట కాదు. లీటరు సముద్రం నీళ్ళలో ఇంచుమించు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆరు టీ చెంచాల మెత్తని ఉప్పు కూడా ఇంచుమించు అంతే తూగుతుంది.

ఆ నీళ్ళు తాగితే ఏమయ్యేది? ఒంట్లో ఉప్పు ఎక్కువైతే అది ఒంట్లోని నీటిని బయటికి లాగుతుంది. విరేచనాలతో ఇప్పటికే నీరు పోయిన పిల్లవాడికి ఇంకా నీరు పోతుంది. ఫిట్స్ రావచ్చు. ప్రాణానికే ముప్పు.

అక్క మళ్ళీ నీళ్ళు కలిపింది. ఈసారి చక్కెర ఆరు చెంచాలు. ఉప్పు అర చెంచా. మళ్ళీ నాలుక మీద వేసుకుని చూసింది. కొంచెం కొంచెంగా చెంచాతో తాగించారు. తెల్లవారగానే ఆశా కార్యకర్త దగ్గరికి తీసుకెళ్ళారు. ఆమె ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింకు మాత్రలు ఇచ్చింది. పిల్లవాడు తేరుకున్నాడు.

చెల్లెలు చాలా ఏడ్చింది. "చదువు రాకపోయినా బాగుండేది" అంది.

పెద్దమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది. "నీ చదువు తప్పు కాదమ్మా. రాసిన తీరు తప్పు. భయంలో ఉన్న తల్లి, దీపం వెలుగులో చదువుతుందని రాసేటప్పుడు ఎవరూ తలచలేదు" అంది.

అందరూ కూర్చుని ఆ పేజీని మళ్ళీ రాశారు. ఈసారి ఇలా రాశారు:

ఉప్పు చక్కెర నీళ్ళు

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరికితే అదే వాడాలి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలో మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి. ప్యాకెట్ లేనప్పుడే ఇది.

1. కాచి చల్లార్చిన నీళ్ళు: 1 లీటరు.
2. ఉప్పు: అర టీ చెంచా. అంటే చెంచాలో సగం. ఒక్క చెంచా కూడా కాదు.
3. చక్కెర: 6 టీ చెంచాలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు.
4. చెంచాను వేలితో సమంగా గీయాలి.
5. ముందు ఉప్పు ఒక్కటే కలిపి రుచి చూడాలి. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోయాలి. బాగుంటే చక్కెర కలపాలి.
6. విరేచనం అయిన ప్రతిసారీ తాగించాలి. రెండేళ్ళలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు. పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు.
7. తల్లిపాలు ఆపకూడదు.
8. ఒక రోజు దాటితే ఆ నీళ్ళు పారబోసి కొత్తగా కలపాలి.
9. కళ్ళు గుంటలు పడినా, పిల్ల మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పక్కన బొమ్మలు వేశారు. ఉప్పు అన్న చోట సగం నిండిన చెంచా ఒకటి. చక్కెర అన్న చోట నిండు చెంచాలు ఆరు. అక్షరాలు పూర్తిగా రాని అవ్వ కూడా ఆ బొమ్మ చూసి చెప్పగలిగింది.

మార్పు ఏమిటో చూశారా? ఉప్పు ఒక వరుసలో ఉంది. చక్కెర ఇంకో వరుసలో ఉంది. రెండూ కలిసిపోవు. అంకె ఉంది. మాట ఉంది. బొమ్మ ఉంది. ఒకటి అర్థం కాకపోతే ఇంకొకటి చెబుతుంది. చివరికి నాలుక కూడా చెబుతుంది.

ముందు చెప్పవలసింది ముందు

ఆ రాత్రి తర్వాత పుస్తకమంతా తిరగరాయాలని నిర్ణయించుకున్నారు. ఒక్కో పేజీ చదువుతుంటే ఇంకో తప్పు బయటపడింది. అది వరుస తప్పడం.

పెద్దమ్మ గారెల చీటీలో మొదట "పప్పు రుబ్బాలి" అని ఉంది. అన్నీ అయ్యాక, చివర "పప్పు నాలుగు గంటలు నానాలి" అని ఉంది. చుట్టాలు వచ్చి కూర్చున్నాక ఆ చివరి మాట చదివితే ఏం లాభం?

అందుకే చీటీకి ఒక వరుస పెట్టుకున్నారు. పైన వంట పేరు. తర్వాత ఎంతమందికి. తర్వాత ముందుగా చేసి పెట్టుకోవలసిన పని. తర్వాత కావలసిన వస్తువులు, కొలతలు. ఆ తర్వాత చేసే పద్ధతి. పద్ధతిలో ఒక వరుసకు ఒక్క పనే. పనికి ముందు 1, 2, 3 అని అంకె. చెయ్యి కడుక్కుని వచ్చి చూసినా ఎక్కడ ఆపామో తెలుస్తుంది.

సమయం రాసేటప్పుడు గుర్తు కూడా రాయాలి. కట్టెల పొయ్యి మంట వేరు, గ్యాసు మంట వేరు. "అయిదు నిమిషాలు వేయించాలి" అంటే ఒక పొయ్యి మీద మాడుతుంది, ఇంకో పొయ్యి మీద పచ్చిగా ఉంటుంది. "ఆవాలు చిటపటలాడే దాకా", "పచ్చి వాసన పోయే దాకా", "నూనె పైకి తేలే దాకా" అని రాయాలి. ఇవి ఏ పొయ్యికైనా సరిపోతాయి. ఈ మాటలు మన ఆడవాళ్ళ నోట ఎప్పటి నుంచో ఉన్నవే. వాటిని కాగితం మీదికి తెస్తే చాలు.

కంటికి ఆనాలి

పెద్దమ్మకు చూపు తగ్గింది. సన్న అక్షరాలు ఆమెకు చీమల బారులా కనిపిస్తాయి. ఆమె కోసం అక్షరాలు పెద్దవిగా రాశారు. నల్ల సిరాతో రాశారు. మాటకూ మాటకూ మధ్య జాగా వదిలారు. వరుసకూ వరుసకూ మధ్య ఒక గీత వదిలారు. కాగితం ఎక్కువ ఖర్చయింది. కాని పెద్దమ్మ కళ్ళజోడు లేని రోజు కూడా చదివింది. కొత్తగా చదువు నేర్చినవాళ్ళకూ అదే సుఖంగా ఉంది.

ఇప్పుడు చాలామంది చీటీని ఫోనుతో ఫొటో తీసి పంపుతున్నారు. అక్షరం పెద్దదిగా, నల్లగా ఉంటే ఫొటోలోనూ తెలుస్తుంది. కాగితాన్ని వెలుతురులో పెట్టి, నీడ పడకుండా తీయాలి.

చదవడం రానివాళ్ళను వదిలేయకూడదు. సంఘం కూర్చున్న రోజు ఒకరు చీటీ గట్టిగా చదివితే పదిమంది వింటారు. చిన్న మాటలతో రాసిన చీటీ చెవికి కూడా సులువుగా ఎక్కుతుంది.

చివరి పరీక్ష

చీటీ బాగుందో లేదో రాసినవాళ్ళకు తెలియదు. వాళ్ళకు వంట వచ్చు కదా! చీటీలో లేనిది కూడా వాళ్ళ మనసులో ఉంటుంది.

అందుకే బస్తీ ఆడవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆ వంట ఎన్నడూ చేయనివాళ్ళ చేతికి చీటీ ఇవ్వాలి. రాసినామె పక్కన కూర్చోవాలి. కాని నోరు మెదపకూడదు. చేసేవాళ్ళు ఎక్కడ ఆగుతారో చూడాలి. ఎక్కడ ఆగితే అక్కడ చీటీ సరిగా లేదన్నమాట. ఆ వరుస మళ్ళీ రాయాలి.

పాలమూరు వదిన పచ్చడిని శ్రీకాకుళం అక్క చేసింది. వదినకు మాట్లాడకుండా ఉండడం చాలా కష్టమైంది. రెండుసార్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్క మూడు చోట్ల ఆగింది. మూడు చోట్లా దిద్దారు. చివరకు పేజీ ఇలా తయారైంది:

పుంటికూర (గోంగూర) పచ్చడి

ఆరుగురికి ఒక పూటకు.

ముందు పని: ఆకు కడిగి, గుడ్డ మీద నీడలో తడి ఆరనివ్వాలి.

కావలసినవి:
పుంటికూర, అంటే గోంగూర, కాడలు తీసిన ఆకు – 250 గ్రాములు
ఎండుమిరపకాయలు – 10
ధనియాలు – 2 టీ చెంచాలు
జీలకర్ర – 1 టీ చెంచా
ఎల్లిగడ్డ, అంటే వెల్లుల్లి – 8 రెబ్బలు
మెత్తని ఉప్పు – 1 టీ చెంచా
పల్లీ నూనె – 9 టీ చెంచాలు

చేసే పద్ధతి:
1. బాణలిలో 3 చెంచాల నూనె పోయాలి.
2. ధనియాలు, మిరపకాయలు, జీలకర్ర సన్న మంట మీద వేయించాలి. కమ్మని వాసన రాగానే తీసేయాలి. నల్లబడకూడదు.
3. అదే బాణలిలో మిగిలిన 6 చెంచాల నూనె పోయాలి. ఆకు వేయాలి.
4. సన్న మంట మీద మగ్గనివ్వాలి. పచ్చ రంగు పోయి, ఆకు మెత్తని ముద్ద కావాలి. నీరు ఇగిరిపోవాలి.
5. దించి చల్లారనివ్వాలి.
6. వేయించినవాటిలో ఉప్పు వేసి నూరాలి.
7. వెల్లుల్లి వేసి నూరాలి.
8. చివర ఆకు వేసి నూరాలి.
9. రుచి చూడాలి. ఉప్పు చాలకపోతే పావు చెంచా వేయాలి.

ఆ రోజు పచ్చడి అందరూ తిన్నారు.

"నా చెయ్యి లేకుండ నా పచ్చడి అయింది" అంది వదిన. ఆమెకు నవ్వు వచ్చింది. కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఈ పచ్చడి చేసిన ఆమె తల్లి ఇప్పుడు లేదు. తల్లి ఏనాడూ పలక పట్టలేదు. కాని ఆమె చేతి లెక్క ఇప్పుడు పుస్తకంలో ఉంది. ఎవరైనా చదవవచ్చు. ఎవరైనా వండవచ్చు.

గుర్తుంచుకోండి

ఊరి పేరు పక్కన ఇంకో పేరు కూడా రాయాలి.
"తగినంత" అని వదలకూడదు. కొలత రాయాలి.
ఎంతమందికో రాయాలి.
ఒక వరుసకు ఒక్క పని రాయాలి.
అర, ఆరు లాంటి మాటల దగ్గర జాగ్రత్త. అంకె, మాట, బొమ్మ మూడూ పెట్టాలి.
పెద్ద అక్షరాలు రాయాలి.
వంట తెలియనివాళ్ళ చేత చేయించి చూడాలి.

ఆలోచించండి – చెప్పండి

1. మీ ఊరిలో ఒక పేరు, పక్క జిల్లాలో ఇంకో పేరు ఉన్న కూరగాయలు ఏవి?
2. మీ ఇంటి గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లు? కొలిచి రాయండి.
3. ప్రాథమిక బడిలో 60 మంది పిల్లలు ఉన్నారు. పైన చెప్పిన లెక్క ప్రకారం బియ్యం ఎంత కావాలి? పప్పు ఎంత కావాలి?
4. మీ అమ్మ దగ్గర నేర్చుకున్న ఒక వంటను చీటీగా రాయండి. దాన్ని పక్కింటి ఆమెకు ఇవ్వండి. ఆమె ఎక్కడ ఆగిందో చూడండి.